కర్ర లారీకి దారి ఎలా ఎంచుకోవాలి: కిలోమీటర్లు పక్కన పెట్టి గంటలు లెక్కపెట్టండి

తమ్ముడూ, మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీకు మూడు పది టైర్ల లారీలున్నాయి. దమ్మపేట, ములకలపల్లి వైపు జామాయిల్ తోటల నుంచి భద్రాచలం దగ్గరి సారపాక పేపర్ మిల్లుకు కర్ర తోలే పని కొత్తగా పట్టారు. ఫోన్ మ్యాప్ చూపించిన దగ్గరి దారిలోనే బండ్లు పంపుతున్నారు. అయినా బండికి రోజుకు ఒక్క ట్రిప్పు పూర్తి కావడమే గగనంగా ఉంది, డీజిల్ అనుకున్నదానికన్నా ఎక్కువ పోతోంది. లారీలకు సరైన దారి చూపించే యాప్ ఏదైనా ఉందా అన్నారు.

తోట కొనే దగ్గర్నుంచి మిల్లు కాటా దాకా ఈ పనిలో అన్ని చోట్లా చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. మీ ఇబ్బంది హైవే మీద లేదు. తోటలోంచి తారు రోడ్డు ఎక్కేదాకా ఉండే ఆ కొద్ది కిలోమీటర్లలో ఉంది, బండి కదలకుండా నిలబడే గంటల్లో ఉంది. ఫోన్ మ్యాప్‌కు ఈ రెండూ కనపడవు. కార్లు, బైకులు ఎంత వేగంగా పోతున్నాయో దానికి తెలుసు. పద్దెనిమిది టన్నుల పచ్చి కర్రతో వాగు చప్టా దాటడానికి ఎంతసేపు పడుతుందో దానికి తెలిసే వీలే లేదు.

ముందు ఒక లెక్క చూద్దాం. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలు, పద్ధతి పట్టుకుని మీ బండ్ల అంకెలు మీరు వేసుకోండి. తోట నుంచి మిల్లుకు రెండు దారులున్నాయనుకోండి. మొదటిది 52 కిలోమీటర్లు: 8 మట్టి బాట, 14 ఇరుకు తారు రోడ్డు, 30 హైవే. రెండోది 66 కిలోమీటర్లు: 2 మట్టి బాట, 16 ఇరుకు తారు రోడ్డు, 48 హైవే. మ్యాప్ దగ్గరిదని మొదటిదే చూపించవచ్చు. లోడుతో మట్టి బాటలో గంటకు 8, ఇరుకు రోడ్డులో 20, హైవేలో 40 కిలోమీటర్ల వేగం అనుకుందాం. ఖాళీగా వెళ్లేటప్పుడు 12, 28, 50. మొదటి దారిలో లోడుతో 147 నిమిషాలు, ఖాళీగా 106 నిమిషాలు, మొత్తం 4 గంటల 13 నిమిషాలు. రెండో దారిలో 135, 102, మొత్తం 3 గంటల 57 నిమిషాలు. రానూపోనూ 28 కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా పావుగంట ముందే వస్తున్నాం.

ఇప్పుడు డీజిల్. లోడుతో లీటరుకు మట్టిలో ఒకటిన్నర, ఇరుకు రోడ్డులో 3, హైవేలో మూడున్నర కిలోమీటర్లు. ఖాళీగా 3, నాలుగున్నర, 5 అనుకుంటే మొదటి దారికి 30 లీటర్ల చిల్లర, రెండోదానికి 34 లీటర్ల చిల్లర. అంటే ఎండాకాలంలో గట్టిగా ఉన్న బాట మీద దగ్గరి దారికే డీజిల్ తక్కువ. ఇది దాచకుండా చెప్పాలి, ఎందుకంటే దూరం దారే ఎప్పుడూ మంచిదని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు, అదీ నిజం కాదు. అయితే రెండు వానలు పడనివ్వండి. మట్టి బాటలో లోడుతో వేగం 4కు, ఖాళీగా 8కి పడిపోయిందంటే మొదటి దారి 5 గంటల 33 నిమిషాలు అవుతుంది, రెండోది 4 గంటల 17 నిమిషాల దగ్గరే ఉంటుంది. బండి ఒక్కసారి దిగబడి జేసీబీ పిలిపించారంటే, వారం రోజుల పాటు ఆదా చేసిన డీజిల్ డబ్బు ఆ ఒక్క పూటకే పోతుంది. అందుకే ఒక తోటకు ఒకే దారి అని రాసుకోకండి. ఎండ దారి, వాన దారి అని రెండు రాసుకోండి.

మట్టిలో అంత తేడా ఎందుకో తెలిస్తే దారిని చూసే పద్ధతే మారుతుంది. చదునైన మంచి తారు రోడ్డు మీద టన్ను బరువును కదిలించడానికి 10 నుంచి 15 కిలోల లాగుడు చాలు. గట్టి మొరం రోడ్డు మీద అది 20, 30 అవుతుంది. టైరు దిగబడే మెత్తటి మట్టిలో 100 దాటుతుంది. ఎక్కుడు విషయానికొస్తే, ప్రతి ఒక్క శాతం వాలుకు టన్నుకు మరో 10 కిలోలు కలుస్తాయి. ఈ లెక్కన మెత్తటి మట్టిలో చదునుగా నడుస్తున్న లోడు లారీ, తారు రోడ్డు మీద తొమ్మిది శాతం ఎక్కుడు ఎక్కుతున్నంత కష్టపడుతోంది. కంటికి చదునుగా కనిపించే చోట ఇంజను ఎందుకు మూలుగుతోందో అర్థమవుతుంది కదా.

వాలు సంగతిలో ఒక్కటే సూత్రం: లోడు దిగుడు వైపు, ఖాళీ బండి ఎక్కుడు వైపు వెళ్లేలా చూసుకోవాలి. అయితే మరీ నిటారు దిగుడు వద్దు, బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. రాజమండ్రి మిల్లుకు కర్ర పంపాల్సి వచ్చినప్పుడు చింతూరు వైపు నుంచి మారేడుమిల్లి ఘాట్ మీదుగా దారి చూపిస్తే దూరం ఒక్కటే చూసి మోసపోకండి. ఆ మెలికల్లో లోడు లారీ పడే పాట్లు మ్యాప్ మీద కనపడవు. అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం వైపు నుంచి కొవ్వూరుకు చేరే దారిని ముందు పరిశీలించండి.

ఇక తోట లోపలి దారి. నేను దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే డబ్బు పోయేదీ మిగిలేదీ ఇక్కడే. నరుకుడు మొదలుపెట్టక ముందే బైక్ మీద వెళ్లి, చివరి భాగం నడిచి చూడాలి. నేల ఏ రకమో చూడండి. ఎర్ర చెల్క, గులకరాళ్ల నేల అయితే వాన వెలిసిన రెండు రోజులకు బండి పోవచ్చు. నల్లరేగడి అయితే ఆ ఆశ పెట్టుకోవద్దు. నీరు తాగితే ఉబ్బి జిగటవుతుంది, పైన ఆరినట్టు కనిపించినా కింద పదును అలాగే ఉంటుంది. వాగు దాటే చోట చప్టా ఉందా, తూములు వేసిన కల్వర్టు ఉందా, దాని అంచులు కోసుకుపోయాయా చూడండి. మలుపు దగ్గర పది టైర్ల బండి ఒక్క దెబ్బకు తిరుగుతుందా, వెనక్కూ ముందుకూ ఆడించాలా చూడండి. మలుపులో ఒక వేపచెట్టో పొలం గెట్టు రాయో ఉంటే ఆ రైతుతో ముందే మాట్లాడుకోవాలి, లోడు బండి అక్కడ ఇరుక్కున్నాక మాట్లాడితే మాట పెరుగుతుంది. నరికిన జామాయిల్ మోళ్లు దారిలో ఉంటే నేలబారుకు కోయించండి. ఏటవాలుగా కోసిన మోడు టైరు పక్కను చీల్చేస్తుంది, ఆ టైరు ఖరీదు ఎన్ని ట్రిప్పుల లాభమో మీకే తెలుసు.

బాటకు అసలు శత్రువు బరువు కన్నా నీరే. మధ్యలో కాస్త ఎత్తు, రెండు పక్కలా వాలు, పక్కన చిన్న కాలువ ఉంటే మామూలు మొరం బాట కూడా నెలల తరబడి బండ్లను మోస్తుంది. ఆ మూడూ లేకపోతే ఎంత మొరం పోసినా వృథా. మెత్తగా ఉన్న కొద్దిపాటి చోట్ల పనికిరాని కొమ్మలు, బెరడు అడ్డంగా పరిచి పైన మొరం పోస్తే తక్కువ ఖర్చుతో పని గడుస్తుంది. అయితే ఒక హెచ్చరిక: రిజర్వ్ ఫారెస్టులో పోయే బాట అయితే వెడల్పు చేయడం, చెట్టు కొట్టడం, చివరికి మొరం పోయడం కూడా అటవీశాఖ అనుమతి లేకుండా చేయకూడదు. ఆ బాట ఊరివాళ్లంతా వాడుతున్నదైనా సరే.

లారీని తోట లోపలికి ఎంతదాకా పంపాలి అన్నది ఇంకో ప్రశ్న. లోపలి నుంచి కర్రను ట్రాక్టర్లతో రోడ్డు పక్కకు చేర్చి అక్కడ లారీకి ఎత్తితే లారీ సుఖంగా ఉంటుంది, కానీ కర్రను రెండుసార్లు ఎత్తి దించాలి. లారీనే లోపలికి పంపితే ఆ కూలి మిగులుతుంది, బండి అరుగుతుంది. కట్టె వ్యాపారంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క ఒకటుంది. బాట పొడవు పెంచితే బాట ఖర్చు పెరుగుతుంది, కర్రను లాక్కొచ్చే ఖర్చు తగ్గుతుంది. టన్నుకు ఈ రెండు ఖర్చులూ దాదాపు సమానమయ్యే చోట మొత్తం ఖర్చు అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. పెద్ద తోటల్లో ఈ లెక్క వేసి కర్ర పోగుచేసే చోటు ఎంచుకోండి. చిన్న రైతు తోట అయితే అంత అక్కర్లేదు, లారీ తిరగడానికి చోటున్న గట్టి నేల ఎక్కడుందో అదే మీ యార్డు.

తోట నుంచి బయటికొచ్చాక వచ్చేవి పంచాయతీ రోడ్లు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్ల తారు వెడల్పు చాలావరకు 3.75 మీటర్లు. లారీ వెడల్పు రెండున్నర మీటర్ల దాకా ఉంటుంది. అంటే ఎదురుపడిన రెండు లారీలు తారు దిగకుండా తప్పుకోలేవు, దిగినచోట రోడ్డు పక్క మట్టి వానకు నాని ఉంటే బండ్లు ఒరుగుతాయి. దీనికి మందు ఒకటే: వీలున్నచోట ఖాళీ బండి ఒక దారిలో లోపలికి, లోడు బండి ఇంకో దారిలో బయటికి. చుట్టూ తిరిగే ఏకముఖ దారి. ఖాళీ బండికి నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా పర్వాలేదు. అది కుదరకపోతే తప్పుకోవడానికి వీలున్న చోట్లు గుర్తుపెట్టి డ్రైవర్లకు చెప్పండి, లోడు బండి ఆ రోడ్డు ఎక్కే ముందు ఎదుటి బండికి ఫోన్ చేసేలా అలవాటు చేయండి.

ఆ రోడ్లు ఊరివాళ్లవి అని గుర్తుంచుకోండి. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జరిగిన పెద్ద రోడ్డు పరీక్షలో తేలింది ఏమిటంటే, రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు బరువుకు సుమారు నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది. ఇరుసు మీద 20 శాతం ఎక్కువ బరువు వేస్తే రోడ్డు అరుగుదల రెట్టింపు. పది టైర్ల లారీకి 2018లో మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు, అందులోనే సర్దుకోండి. దాటితే 20 వేలు, పైన ప్రతి టన్నుకు 2 వేల జరిమానా అన్నది 2019 సవరణ తర్వాత చట్టంలో ఉంది. కానీ జరిమానాకన్నా నాకు బాధ కలిగించేది, ఒక తోట ఖాళీ చేసి మనం వెళ్లిపోతే ఆ ఊరి పిల్లలు, గర్భిణులు నాలుగేళ్లు గుంతల్లో తిరగాల్సి రావడం. పైగా మరుసటి తోటకు అదే ఊరి మీదుగా వెళ్లాల్సి వస్తుంది. ఒకసారి రోడ్డు పాడుచేసిన బండ్లను రెండోసారి ఊళ్లోకి రానివ్వరు, రానివ్వకపోవడంలో న్యాయం ఉంది. పచ్చి కర్ర బరువు కంటితో చూస్తే తెలియదు, నిన్న నరికినదానికీ పది రోజుల కిందట నరికినదానికీ అదే ఎత్తు లోడులో టన్నులు తేడా వస్తుంది. దగ్గర్లో ప్రైవేటు కాటా ఉంటే మొదటి లోడు తూకం వేయించి, ఆ తోటకు ఎంత ఎత్తు లోడు సరిపోతుందో బండి బాడీ మీద గీత గీయించండి.

దారిలో కాలాన్ని బట్టి వచ్చే అడ్డంకులు కూడా మ్యాప్‌లో ఉండవు. వరి కోతలప్పుడు, అంటే నవంబరు, డిసెంబరులో ఒకసారి, ఏప్రిల్, మేలో ఇంకోసారి, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. మిర్చి, పత్తి ఏరే రోజుల్లో లోడింగ్ ముఠాలు దొరకవు, అందరూ చేలల్లో ఉంటారు. అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ గెలల ట్రాక్టర్లు ఫ్యాక్టరీ ముందు బారులు తీరే రోజులుంటాయి. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారిలో బొగ్గు లారీలు, బూడిద లారీలు. శ్రీరామనవమికి, ముక్కోటికి భద్రాచలం వెళ్లే జనంలో చాలామంది సారపాక మీదుగానే వంతెన ఎక్కుతారు, ఆ రెండు మూడు రోజులు బండ్లను నిలిపి సర్వీసింగ్ చేయించుకోవడం మేలు. ఇవన్నీ ఒక క్యాలెండర్ మీద రంగుపెన్నుతో రాసి గోడకు తగిలించండి.

గోదావరిని వేరుగా చూడాలి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలై 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. నది పొంగితే కిన్నెరసానిలోకి, వాగుల్లోకి నీరు వెనక్కి ఎగదన్ని బూర్గంపాడు చుట్టుపక్కల రోడ్లు మునుగుతాయి. మొదటి హెచ్చరిక వినగానే కొత్తగా లోడింగ్ ఆపేయండి. తోటలో ఉన్న కర్ర ఎక్కడికీ పోదు. నీళ్ల మధ్య రెండు వైపులా దారి మూసుకుపోయిన లోడు లారీలో డ్రైవర్, క్లీనర్ ఇద్దరు మనుషులున్నారు.

ఇక్కడే అసలు విషయం చెప్పాలి. దారిని బట్టి నరుకుడు వరుస వేసుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: ఏ తోట ముందు బేరం కుదిరితే అది ముందు నరుకుతారు, జూన్ వచ్చేసరికి అన్నిటికన్నా పాడు దారి ఉన్న తోటలో ఇరుక్కుంటారు. ఏటా జనవరిలో చేతిలో ఉన్న తోటలన్నీ మూడు గుంపులుగా విడదీయండి. రేగడి నేలలో, పల్లంలో, వాగు అవతల ఉన్నవి ఫిబ్రవరి నుంచి మే లోపల అయిపోవాలి. మొరం బాట మీద ఉన్నవి వానల మధ్య తెరిపిలో చూసుకోవచ్చు. తారు రోడ్డుకు ఆనుకుని, ఎర్రనేల మిట్ట మీద ఉన్న తోటల జోలికి మేలో పోకండి, ఎంత సులువుగా కనిపించినా సరే. అవి వానాకాలానికి మీ బండ్లకు తిండి పెట్టే తోటలు. వానలో కర్ర దొరకక మిల్లు ఎదురుచూసే రోజుల్లో మీ దగ్గర సరుకు ఉంటుంది. మిట్ట తోట యజమాని తొందరపెడితే కారణం వివరించి, వీలైతే కొంత అడ్వాన్సు ఇచ్చి ఒప్పించండి.

ఇప్పుడు నిలబడే గంటలు. పైన చెప్పిన ఉదాహరణలో దారి మార్చితే ఎండలో మిగిలేది పావుగంట. లోడింగుకు 3 గంటలు, మిల్లు దగ్గర సీరియల్ (వరుసలో వంతు కోసం ఆగడం), కాటా, అన్‌లోడింగుకు 4 గంటలు అనుకోండి. మొత్తం ట్రిప్పు 11 గంటలు, అందులో బండి తిరిగింది నాలుగే. మీరు ఆ నాలుగు గంటల గురించే యాప్ వెతుకుతున్నారు. మిగతా ఏడింటిలో రెండు తగ్గించగలిగితే, బండి సాయంత్రానికే తోటకు తిరిగొచ్చి, వెలుగుండగానే లోడు వేసుకుని, తెల్లవారుజామున బయల్దేరగలదు.

మిల్లు సీరియల్ ఎందుకు పెరుగుతుందో చూడండి. ఏదో ఒక మిల్లు గంటకు పది లారీలు దించగలదనుకోండి. పొద్దున ఆరు గంటలకే నలభై లారీలు గేటు ముందు నిలబడితే చివరి బండి నాలుగు గంటలు ఆగాలి. అదే బండి పదింటికి వస్తే పెద్దగా ఆగకుండా లోపలికి పోతుంది, దించే సమయం మాత్రం రెండింటికీ ఒకటే. ముందు వెళ్తే ముందు అవుతుందని అందరూ రాత్రే బయల్దేరడంతో అందరికీ ఆలస్యం. చిలీ దేశపు అటవీ కంపెనీల్లో ఇదే జరిగేది. అక్కడ 1990ల్లో ఆంద్రేస్ వైన్‌ట్రాబ్, రఫాయెల్ ఎప్‌స్టీన్ అనే ప్రొఫెసర్ల బృందం ఆసికామ్ అనే కంప్యూటర్ పద్ధతి తయారుచేసింది. ఏ లారీ ఏ తోటకు ఎన్ని గంటలకు వెళ్లాలో, ఏ గేటుకు ఎప్పుడు చేరాలో ముందురోజే నిర్ణయించేది. బారులు తగ్గాయి, అదే కర్రకు తక్కువ లారీలు సరిపోయాయి. ఆపరేషన్స్ రీసెర్చ్, అంటే పనుల ఏర్పాటును లెక్కలతో మెరుగుపరిచే రంగంలో పేరున్న ఎడెల్మన్ బహుమతి 1998లో వాళ్ల పనికి వచ్చింది.

మూడు లారీలకు కంప్యూటర్ అక్కర్లేదు, ఒక భాగహారం చాలు. ట్రిప్పు 11 గంటలు, బండ్లు మూడు. భాగిస్తే 3 గంటల 40 నిమిషాలు. బండికీ బండికీ మధ్య అంత ఎడం ఉంటే ఒకే ముఠా మూడింటికీ లోడు వేయగలదు, ఏ బండీ ఇంకోదాని వెనక నిలబడదు. రాత్రిపూట తోటలో లోడింగ్ వద్దే వద్దు కాబట్టి దీన్ని పగటికి సర్దుకోవాలి: ముందురోజు సాయంత్రం లోడయిన బండి తెల్లవారుజామున కదులుతుంది, రెండోదానికి పొద్దున ఏడింటికి, మూడోదానికి పదకొండింటికి లోడింగ్ మొదలవుతుంది. మూడు బండ్లనూ కలిపి పంపితే డ్రైవర్లకు తోడు ఉంటుందని అంటారు. ఆ తోడు కోసం రోజూ రెండు బండ్లు ముఠా కోసం, మళ్లీ కాటా కోసం నిలబడుతున్నాయి. ఇంకో మాట, సీరియల్‌లో స్టీరింగ్ వెనక గడిపిన రాత్రి డ్రైవర్‌కు నిద్ర కింద లెక్క కాదు. దించిన వెంటనే మళ్లీ తోలమనకండి.

మిల్లు గేటు దగ్గర ఒక నెల పాటు మీ బండ్ల టైములు రాయించండి: గేటుకు చేరింది, టోకెన్ తీసుకుంది, లోడు కాటా, ఖాళీ కాటా, బయటికొచ్చింది. ఏ వారం, ఏ పూట ఖాళీగా ఉంటుందో మీకే తెలుస్తుంది. ఆ కాగితం పట్టుకుని మిల్లు కర్ర విభాగం వాళ్లతో మాట్లాడితే వింటారు. ఖాళీ చేతులతో వెళ్లి ఆలస్యం అవుతోందంటే ఎవరూ వినరు.

కర్ర ఆగితే నష్టం మీ ఒక్కరిదే కాదు. వంద కిలోల పచ్చి కర్రలో సగం నీరే అనుకుంటే, తేమ 40 శాతానికి దిగేసరికి అది 83 కిలోలవుతుంది. రైతుకు టన్ను లెక్కన డబ్బు ఇస్తున్నప్పుడు, నరికాక తోటలో పడి ఉన్న ప్రతి రోజూ ఆయన జేబులోంచి పోతుంది. నాలుగైదేళ్లు పెంచిన తోట అది. అందుకే బండ్లు ఎన్ని తోలగలవో అంతే నరికించండి. కోత ముఠా పదిరోజులు ముందుకు పోయిందంటే అది వాళ్ల చురుకు కాదు, మీ ప్లానులో లోపం.

యాప్ సంగతి. నాకు తెలిసి మన పంచాయతీ రోడ్లకు, తోట బాటలకు సరిపోయే లారీ దారి యాప్ లేదు. స్వీడన్‌లో స్కోగ్‌ఫోర్స్క్ అనే అటవీ పరిశోధన సంస్థ అలాంటిది తయారుచేసింది. రోడ్డు వెడల్పు, పైపొర, మలుపులు, ఎక్కుళ్లు అన్నీ లెక్కలోకి తీసుకుని లోడు లారీకి అనువైన దారి చెబుతుంది. కిరాయి కూడా ఆ దూరానికే ఇస్తారు కాబట్టి దూరం మీద తగువు ఉండదు. మన దగ్గర చేయగలిగింది ఏమిటంటే, గూగుల్ మై మ్యాప్స్‌లో మీ సొంత మ్యాప్ గీసుకోవడం. తోటలు, చప్టాలు, కిందికి వేలాడే తీగలు, ఇరుకు మలుపులు, తప్పుకునే చోట్లు అన్నీ గుర్తుపెట్టండి. ఇస్రో వాళ్ల భువన్‌లో ఉపగ్రహ చిత్రాలు చూస్తే ఫోన్ మ్యాప్‌లో లేని బండ్ల బాటలు కూడా కనిపిస్తాయి. కిరాయి మాట్లాడుకునేటప్పుడు స్వీడన్ పద్ధతిలో వాన దారి దూరాన్ని కూడా ఒప్పందంలో రాయించండి. దగ్గరి దారికే డబ్బు ఇస్తామంటే జూలైలో మీ చేతి డబ్బు పెట్టుకోవాలి.

కాగితాలు క్లుప్తంగా: పర్మిట్ కావాల్సిన కర్రకు ఆ పర్మిట్ మీద రాసిన దారి, గడువు తప్పకూడదు. కాబట్టి వాన దారిలో వెళ్లాల్సి వస్తే ముందే అది రాయించుకోండి. ట్రాన్సిట్ పాసులు, అంటే కర్ర రవాణాకు ఇచ్చే అనుమతులు, 2023 డిసెంబరు నుంచి జాతీయ స్థాయి ఆన్‌లైన్ పద్ధతిలో కూడా ఇస్తున్నారు. మీరు తోలే రకం కర్రకు మినహాయింపు ఉందో లేదో అటవీ రేంజ్ ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే ఆన్‌లైన్ బిల్లు) గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. నేషనల్ పర్మిట్ లేని బండిని ఆంధ్ర సరిహద్దు దాటే దారిలో పెట్టకండి.

తీగల గురించి పైన ఒక్క మాటే అన్నాను, కానీ దారి ఎంపికలో నేను దేనికీ రాజీపడని విషయం ఇదే. లోడుతో మీ బండి ఎత్తు 3.8 మీటర్లు అనుకోండి. రోడ్డు దాటే కరెంటు తీగలు నిబంధన ప్రకారం 5.8 మీటర్లకు పైనే ఉండాలి. కానీ పొలాల మీదుగా పోయే 11 కేవీ దాకా తీగలకు 4.6 మీటర్లే నిబంధన. తోట బాట పొలం గెట్టు మీదుగా పోతుంది, గెట్టు అర మీటరు ఎత్తు ఉంటుంది, ఎండకు తీగ సాగి కిందికి వేలాడుతుంది. ఇక మిగిలిన ఎడం ఎంత? ఆ లోడు మీద మనుషులు కూర్చుంటే? లోడింగ్ అయ్యాక ముఠావాళ్లు కర్ర మీదెక్కి ఊరికి వెళ్లడం మన దగ్గర రోజూ చూసేదే. తీగ తగలకపోయినా, కట్లు జారి కర్ర దొర్లితే కింద నలిగేది వాళ్లే. తీగ కిందుగా ఉన్న బాటను అది ఎంత దగ్గరైనా కొట్టేయండి, లేదా కరెంటు ఆఫీసులో అర్జీ పెట్టి తీగ ఎత్తించాకే బండి పంపండి. ముఠావాళ్లను ఇంటికి చేర్చడానికి రోజూ ఒక ఆటో మాట్లాడండి. ఆరు వందలు అయిందనుకున్నా 18 టన్నుల లోడు మీద టన్నుకు 33 రూపాయలు. రోజుకు రెండు లోడ్లు వేస్తే అందులో సగం. తోట బేరం చేసేటప్పుడే ఆ డబ్బు ఖర్చుల్లో రాసుకోండి, తర్వాత మిగిలితే ఇద్దాంలే అనుకోకండి.